ఇసుకకు తోడు

వెంకటరాముడికి ఒంటి శుభ్రం మీద ఉన్నంత పట్టింపు మరి దేనిమీదా లేదు. రాయచోటి దగ్గర పల్లెలో, బోరింగు కాడ బిందె నీళ్లకు వంతు కాచుకునే రోజుల్లోనే రెండు పూటలా స్నానం చేసినవాడు. కుళాయి తిప్పితే నీళ్లు దూకే కువైట్‌కు వచ్చాక ఇక అడగాలా. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో కారు తోలడం, తోట చూడడం అతని పని. పొద్దున కారు తుడిచి ఒకసారి, సాయంత్రం చెట్లకు నీళ్లు కట్టి ఒకసారి, మధ్యలో చెమట పడితే ఇంకోసారి నీళ్లు పోసుకుంటాడు. ఈ దేశం మీద అతనికున్న ఫిర్యాదు ఒక్కటే. మడమలు రుద్దుకోవడానికి గరుకుగా ఒక మంచి రాయి దొరకదు. ఎక్కడ చూసినా ఇసుకే.

అటువంటి మనిషిని పట్టుకుని మామా ఆ మాట అనేసింది.

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కువైట్‌లో పనివాళ్లంతా ఇంటావిడను అలాగే పిలుస్తారు. ఆవిడ పెరటివైపు రావడమే తక్కువ. 2014 ఫిబ్రవరిలో, చలి తగ్గి ఎండ హాయిగా ఉన్న ఒక సోమవారం నాడు వచ్చింది. గురువారం అక్కచెల్లెళ్లు చాయ్‌కి వస్తారు, తివాచీలు ఎక్కడ పరిపించాలో చూద్దామని. పెరటి చివర వెంకటరాముడి గది, దాని పక్కనే సామాన్ల కొట్టు. అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. చేతిసంచిలోంచి టిష్యూ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వంట చేసే దీనమ్మను పిలిచింది. తర్వాత అతన్ని పిలిచింది.

ఆవిడ కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. గోడ మొదలు చూపించి, రాము, నీకు గదిలో బాత్రూము ఉంది కదా, ఇక్కడెందుకు పోస్తున్నావు అని నెమ్మదిగా అరబ్బీలో అడిగింది.

వెంకటరాముడికి మొదట అర్థం కాలేదు. అయ్యాక చెవులు వేడెక్కాయి. నిజమే, కంపు ఉంది. బస్టాండు వెనక గోడ దగ్గర వచ్చేలాంటి ఘాటు కంపు. అతను దాన్ని నాలుగు రోజులుగా పీలుస్తూ, పక్కింటి పిల్లుల పని అనుకుంటున్నాడు. తిరుపతి వెంకన్న మీద ఒట్టేశాడు. తన బాత్రూము తలుపు బార్లా తీసి, నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు చూడమన్నాడు. మామా చూడలేదు. ఈ పక్కకు నువ్వు తప్ప మగవాడు ఎవడూ రాడు అంది. గురువారం లోపల కంపు పోవాలి, పోకపోతే ఖలాస్, నిన్ను మక్తబ్‌లో అప్పజెప్పి వేరే డ్రైవర్ని తెచ్చుకుంటాను అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. మక్తబ్ అంటే పనివాళ్లను కుదిర్చే ఆఫీసు. అక్కడ అప్పజెప్పడమంటే చెడిపోయిన మిక్సీని షాపులో వాపసు ఇచ్చినట్టే.

దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ నిలబడింది. ఆమెది రాజోలు. ఈ ఇంట్లో అతని కంటే ముందునుంచీ ఉంది.

"నవ్వు, నవ్వు. శుక్రవారం మాలియా బజారుకు పోతే మా ఊరోళ్లంతా ఆడనే ఉంటారు. ఎందుకు తీసేసినారప్పా అంటే ఏం చెప్పేది? దొంగతనం చేసినా అన్నా మేలే, ఈ మాట చెప్పలేను."

దీనమ్మకు నవ్వు పోయింది. ఇంటి దగ్గర అతని భార్య గంగాదేవి ఫోనులో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుందని ఆమెకు తెలుసు. "ఊరుకో అన్నయ్యా. పిల్లులే అయ్యుంటాయి. పట్టుకుందాం" అంది.

ఆ సాయంత్రం నుంచి యుద్ధం మొదలైంది. గోడ మొదలంతా సబ్బు నీళ్లతో కడిగాడు. చీపురు అరిగేదాకా రుద్దాడు. పక్కింటి పిల్లులు గోడమీద వరసగా కూర్చుని ఈ తమాషా చూశాయి. దీనమ్మ వంటింట్లోంచి చేప తలకాయలు తెచ్చి, వీధి అవతల పడేసి, పిల్లుల్ని అటు మళ్లించింది. మర్నాటికి పిల్లులు పోయాయి, కంపు మిగిలింది. వెంకటరాముడు గదిలో ఊదొత్తులు వెలిగించాడు. దీనమ్మ ప్రార్థన చేసింది. హిందూ దేవుడూ క్రైస్తవ దేవుడూ కలిసి పూనుకున్నా ఆ కంపు ఒక్క అంగుళం జరగలేదు.

మంగళవారం మధ్యాహ్నం అతను బట్టలు తెల్లగా చేసే క్లోరాక్స్ సీసా తెచ్చి, కొట్టు గుమ్మం ముందు ధారగా పోశాడు. అదే పెద్ద పొరపాటు. ఒక్క నిమిషంలో కళ్లు మండి నీళ్లు కారాయి, గొంతులో మిరపకాయ ఇరుక్కున్నట్టు దగ్గు పట్టుకుంది. వెనక్కి వెనక్కి నడిచి ఖర్జూరం చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. దీనమ్మ మజ్జిగ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మందు వేస్తే రోగం తగ్గాలి గాని ఇలా ముదురుతుందా అని ఇద్దరూ చాలాసేపు ఆ గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు కనిపించింది అతనికి. కొట్టు తలుపు కింద నుంచి సన్నగా తడి కారుతోంది. కారి ఎండిన చోట గచ్చు మీద తెల్లగా పొర కట్టింది. వేలితో గీకితే రాలేదు. గోటితో గీకినా రాలేదు.

ఆ కొట్టు ఒకప్పుడు అతనిదే. పలుగూ పారా, నీళ్ల గొట్టం అందులోనే ఉండేవి. నెల కిందట మామా కూతురు దలాల్ వచ్చి, రాము, నాకు బొమ్మలు వేసుకోవడానికి చోటు కావాలి, ఖాళీ చేసి ఇస్తావా అని అడిగింది. ఇంజనీరింగు చదివే పిల్ల బొమ్మలెందుకు వేస్తుందో అతను అడగలేదు. తర్వాత ఒకరోజు ఫింటాస్ తీరానికి తీసుకెళ్లమంది. సముద్రం ఒడ్డున ఇసుక తనంతట తానే అతుక్కుని పలకలుగా మారిన చోట వంగి వంగి చూసి, సంచి నిండా ఇసుక తెచ్చుకుంది. ఇంకొకరోజు చెట్ల ఎరువు షాపులో యూరియా బస్తా కొని తెమ్మంది. వేరుశనగ పండించిన ఇంటివాడు కాబట్టి యూరియా అనగానే, పాప ఏదో మొక్క పెంచుతోంది కాబోలు అని సంతోషించి, బస్తా తనే మోసి కొట్టులో దింపాడు. తాళంచెవి మాత్రం ఆ పిల్ల దగ్గరే ఉంది.

బుధవారం దలాల్‌ను కాలేజీ నుంచి తీసుకొస్తూ అతను దారంతా మాట కూడబలుక్కున్నాడు. కారు దిగాక, కొట్టు ఒకసారి తెరువమ్మా అన్నాడు. ఆ పిల్ల మొహం మారింది. ఇంటివైపు ఒకసారి చూసి, దీనమ్మను కూడా రమ్మని, తాళం తీసింది.

లోపల బొమ్మలు లేవు. గోడ వారన ప్లాస్టిక్ పైపు ముక్కలు నిలువునా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని నిండా ఇసుక. పైన మేకులకు సీసాలు వేలాడుతున్నాయి. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించే సన్న గొట్టాల్లోంచి ఇసుకలోకి నీళ్లు చుక్కచుక్కగా దిగుతున్నాయి. కింద బేసిన్లు. ఒక బేసిన్ పగిలి కారుతోంది. కంపు ముక్కులో సూది పెట్టి పొడిచినట్టుంది. దీనమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

దలాల్ అరబ్బీలోనూ చేతులతోనూ చెబుతూ ఉంటే దీనమ్మ తెలుగులోకి దింపుతూ వచ్చింది. మట్టిలో కంటికి కనబడని జీవాలు ఉంటాయట. కాలేజీ లాబ్‌లోంచి చిన్న సీసాడు తెచ్చి ఈ ఇసుకలో పోసిందట. వాటికి మేత యూరియా. అవి యూరియాను తిని విరగ్గొడతాయి. అప్పుడు ఈ ఘాటు గాలి బయటికొస్తుంది. దానితోపాటు, నీళ్లలో కలిపిన కాల్షియం సున్నపురాయిగా మారి, ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య పేరుకుంటుంది. ఇసుక రాయవుతుంది. బట్టీ అక్కర్లేదు, మంట అక్కర్లేదు, సిమెంటు పొగ లేదు. ఫింటాస్ ఒడ్డున ఉప్పునీళ్లూ ఎండా కలిసి చేసిన పనిలో ఇలాంటి జీవాల చెయ్యి కూడా ఉందంటారట. నేల ఎన్నో ఏళ్లకు చేసే పనిని మనం కొన్నాళ్లలో చేయించగలమా అని ఈ పిల్ల తంటాలు.

"అంటే పాలకు తోడేసినట్టా?" అన్నాడు వెంకటరాముడు.

దీనమ్మ ఆ మాటను అరబ్బీలో పెట్టడానికి వంటింటి పెరుగు గిన్నెనంతా వర్ణించాల్సి వచ్చింది. దలాల్ విని చప్పట్లు కొట్టినంత పని చేసింది. అవును, అచ్చం అదే, ఇసుకకు తోడు వేశాను అంది. ఒక పైపును నిలువునా విప్పి, లోపల ఉన్నది అతని చేతిలో పెట్టింది.

వెంకటరాముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బూడిద పసుపు రంగు. అరచేతికి గరుకుగా తగిలింది. బొటనవేలితో గట్టిగా నొక్కితే చెక్కు చెదరలేదు. గచ్చు మీద తట్టితే ఠంగుమంది. పోయిన నెల ఇది ఇసుక. ఆ ఇసుక సంచి కారులో పెట్టింది తనే. అతనికి ఉన్నట్టుండి సంతోషం ముంచుకొచ్చింది. కంపు సంగతి, మక్తబ్ సంగతి కాసేపు మరిచిపోయాడు. ఇంకో పైపును తాకి చూశాడు. పైన గట్టిగా ఉంది, కింద వేలు పెడితే ఇంకా ఇసుక రాలుతోంది.

"ఇది తోడుకోలేదింకా" అన్నాడు.

ఆదివారానికి తోడుకుంటుందని దలాల్ చెప్పింది. ఆదివారం కాలేజీలో ప్రదర్శన. పైపులన్నిటిలో పెద్దది ఇదే, మధ్యలో చుక్కలు ఆగితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. అమ్మకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో మీకు తెలుసుగా అంది. వాళ్లకు తెలుసు. చుట్టాలు తాకిన తలుపు పిడిని కూడా డెటాల్‌తో తుడిపించే మనిషి మామా. ఇంట్లో సూక్ష్మజీవుల్ని మేపుతున్నారని తెలిస్తే ఆ సాయంత్రానికి కొట్టంతా చెత్తబండి ఎక్కుతుంది.

అప్పుడు దీనమ్మ ఇంక ఆపుకోలేక, ఈ కంపు వల్ల మామా రామును ఏమందో చెప్పేసింది.

దలాల్ పొద్దున పోయి సాయంత్రం వచ్చే పిల్ల, ఆమెకు ఇదేమీ తెలియదు. మొహం పాలిపోయింది. ఈరోజే అమ్మతో చెప్పేస్తాను, మీరు భయపడొద్దు అంది. తాళం వేస్తూ మాత్రం అమ్మ ఎక్కడుందోనని ఇంటివైపు రెండుసార్లు చూసింది. ఆ చూపుతో వెంకటరాముడికి తెలిసిపోయింది, ఈ పిల్ల చెప్పలేదని.

చెప్పలేదు. గురువారం పొద్దున కారులో వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ కాలేజీకి పోయింది. అద్దంలో అతని కళ్లు కలిసినప్పుడల్లా పుస్తకం తెరిచింది. అతనికి కోపం వచ్చింది. రాకేం చేస్తుంది. చదువుకున్న పిల్ల, డబ్బున్న ఇల్లు, తల్లి రెండు తిట్లు తిడితే పోయేదేముంది. తనకైతే పరువే పోతోంది. సాయంత్రం మామాకు తనే అంతా చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి దీనమ్మ వంటింటి మెట్టు మీద కూర్చుని అగరు ధూపం వేసే పాత్రను చింతపండుతో తోముతోంది. చుట్టాలు వచ్చిన రోజున ఆఖరున ఇందులో నిప్పుల మీద అగరు చెక్క వేసి, ఒక్కొక్కరి బట్టలకూ పొగ పట్టించడం ఈ దేశపు మర్యాద.

"మర్యాదే గానీ అన్నయ్యా, ఇది తిప్పానంటే సుట్టాలు లేచి సెప్పులేసుకోవాలి. అగరు పొగ పట్టాక ఇంక కూకోకూడదని ఈళ్ల సామెత. పెద్దక్కగారు ఊసులు తెమల్చలేదనుకో, మామా నాకేసి సూత్తది, నేనిది పట్టుకొచ్చేత్తాను."

వెంకటరాముడు నవ్వలేకపోయాడు. తనకు ఆ పొగ కూడా వెయ్యకుండా పంపించేస్తారు కదా అనుకున్నాడు.

సాయంత్రం పెరట్లో తివాచీలు పరిచి, దిండ్లు సర్ది, అతను కుర్చీలు తుడుస్తున్నాడు. మామా, ముందుగా వచ్చిన పెద్దక్కగారు కలిసి వచ్చారు. గాలి అటునుంచి ఇటు తిరిగింది. పెద్దక్కగారు మాట మధ్యలో ఆపి ముక్కు ఎగబీల్చింది. చెల్లెలి వంక చూసింది. ఆ చూపు చాలు, మామా మొహం ఎర్రబడడానికి.

రాము, ఇటు రా అంది. అక్క ముందు అడగాల్సి రావడం ఆవిడకూ కష్టంగానే ఉంది. అందుకే మాట ఇంకా పదునుగా వచ్చింది. ఒకే ప్రశ్న, ఒకే జవాబు కావాలి అంది. నువ్వా, కాదా?

వెంకటరాముడు చెప్పడానికి నోరు తెరిచాడు. అరబ్బీ మాటలన్నీ పొద్దుటినుంచీ వరస పేర్చి పెట్టుకున్నాడు. అప్పుడే వంటింటి గుమ్మంలో దలాల్ కనిపించింది. చేతిలో కప్పుల పళ్లెం ఉంది, అవి గలగలలాడుతున్నాయి. అతనికి ఆ పిల్ల కంటే ముందు ఆ పెద్ద పైపు గుర్తొచ్చింది. పైన రాయి, కింద ఇసుక. తోడుకునే గిన్నెను కదిలించకూడదు. ఊళ్లో తన తల్లి పెరుగు గిన్నె పెట్టిన వైపు పిల్లల్ని పోనిచ్చేది కాదు.

"అనా, మామా" అన్నాడు. నేనే.

అన్నాక అతనికే ఆశ్చర్యమేసింది. రోజుకు మూడు సార్లు స్నానం చేసే మనిషి, పరాయి దేశంలో, ఇద్దరు ఆడవాళ్ల ముందు నిలబడి, గోడ పక్కన పోసింది నేనే అన్నాడు. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా మంట పుట్టింది. తల వంచుకుని తన కాళ్లు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి.

మామా కూడా ఈ జవాబు అనుకోలేదు. కాదంటాడు, ఒట్లు వేస్తాడు, అప్పుడు గట్టిగా అనొచ్చు అనుకుంది. ఒప్పుకున్నవాడి ముందు టిష్యూ మడత పెడుతూ నిలబడింది.

కప్పుల పళ్లెం తివాచీ మీద దిగిన చప్పుడైంది.

"అబద్ధం, యుమ్మా. అతను కాదు. నేను" అంది దలాల్.

పెద్దక్కగారి కళ్లు ఇంతింత అయ్యాయి. ఆమె ఏమనుకుందో ఏమో గాని, దీనమ్మ గబుక్కున వంటింట్లోకి తప్పుకుంది, నవ్వు కనబడకుండా. దలాల్ తల్లి చెయ్యి పట్టుకుని కొట్టు దాకా తీసుకెళ్లింది. తలుపు తెరిచింది. వాళ్లిద్దరూ లోపల ఉన్నంతసేపూ వెంకటరాముడు తుడిచిన కుర్చీనే తుడుస్తూ ఉన్నాడు. మాటలు వినబడలేదు. మామా గొంతు పెంచదు కదా. బయటికి వచ్చినప్పుడు ఆవిడ ముక్కుకు టిష్యూ లేదు. చేతిలో రాయి ఉంది. అతని పక్కనుంచే నడిచిపోయింది. దలాల్ ఏడ్చినట్టుంది.

చాయ్ పార్టీని ముందు హాల్లోకి మార్చారు. అతన్ని ఎవరూ పిలవలేదు.

తన పని అయిపోయిందని వెంకటరాముడు లెక్క కట్టాడు. కంపు సంగతి తేలినా, మామా మొహం మీద అబద్ధం చెప్పాడు. ఆవిడకు తెలియకుండా ఆవిడ కూతురికి యూరియా బస్తా మోశాడు. ఏ ఇంట్లో మాత్రం ఉంచుకుంటారు. శుక్రవారం పొద్దునే తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, సంచి సర్దాడు. ఒకటి మాత్రం బాగుంది. మాలియాలో ఎవరైనా అడిగితే, పాప రాయి చేస్తాంటే సాయం చేసినా, దానికి తీసేసినారు అని చెప్పొచ్చు. ఎవరూ నమ్మరు గాని, చెప్పుకోవడానికి శుభ్రమైన మాట.

గది తలుపు దగ్గర అగరు వాసన వచ్చింది.

చూస్తే మామా. ఎప్పుడూ దీనమ్మ మోసే ధూపపాత్రను ఇవాళ తనే చేత్తో పట్టుకుని వచ్చింది. నిప్పుల మీద చెక్క కాలి తెల్లటి పొగ లేస్తోంది. వెనక దీనమ్మ, ఆ వెనక దలాల్. మామా గుమ్మంలో ఆగి, అతను ఇంటికొచ్చిన పెద్దమనిషి అయినట్టు, పొగను చేత్తో అతని చొక్కా వైపు తోసింది. కుడి భుజానికి, ఎడమ భుజానికి. వెంకటరాముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత పొగ వల్లే. పోతేపోనీ, మర్యాదగా పంపిస్తున్నారు అనుకున్నాడు. చేతులు జోడించి, షుక్రాన్ మామా అని, వంగి సంచి అందుకున్నాడు.

మామా చెయ్యి ఆగిపోయింది. ఎక్కడికి అని అడిగింది.

వెంకటరాముడు దీనమ్మ వంక చూశాడు. నిన్న నువ్వే చెప్పావు కదా, ఈ పొగ పట్టాక కూర్చోకూడదని అన్నాడు. దీనమ్మ నుదురు కొట్టుకుని, మామాకు ఆ మాట విప్పి చెప్పింది. మామా నవ్వింది. ధూపపాత్ర వణికి నిప్పు ఒకటి గచ్చు మీద పడేంతగా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ అలా నవ్వగా వాళ్లు ఎన్నడూ వినలేదు. నవ్వు తగ్గాక, కళ్లు తుడుచుకుని, అతనితో మెల్లగా ఏదో చెప్పింది. అతనికి అర్థమైంది. అయినా దీనమ్మ నోట ఇంకోసారి వినాలనిపించింది.

"ఆ సామెత సుట్టాలకంట అన్నయ్యా" అంది దీనమ్మ. "ఇంట్లో మనుసులకి కాదంట. కూకోమంటన్నారు."

వెంకటరాముడు సంచి పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. మామా ముందు అలా కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

ఆదివారం దాకా కొట్టు అక్కడే ఉంటుందని, ఆ తర్వాత మాత్రం ఒక్క జీవం కూడా తన ఇంట్లో ఉండకూడదని మామా తేల్చి చెప్పింది. బేసిన్ మార్చమంది. క్లోరాక్స్ అటు తీసుకుపోవద్దని, అది ఆ గాలితో కలిస్తే విషమట, దలాల్ చెప్పిందని, తనకెప్పట్నుంచో తెలిసినట్టు చెప్పింది. వెళ్తూ వెళ్తూ, ఇసుక ఎందుకు పెరుగులా తోడుకుంటుందో సాయంత్రం మరోసారి చెప్పమని కూతుర్ని అడిగింది.

దలాల్ వెనక ఉండిపోయింది. సారీ రాము అంది. జేబులోంచి ఒక రాయి ముక్క తీసి ఇచ్చింది. మొన్న పైపు విప్పేటప్పుడు విరిగిన కొస. అరచేతిలో ఇమిడేంతది, ఒక పక్క చదును, ఒక పక్క గరుకు.

మధ్యాహ్నం దీనమ్మ అన్నం పట్టుకొచ్చేసరికి వెంకటరాముడు కుళాయి దగ్గర పీట వేసుకుని, లుంగీ ఎగగట్టి, ఆ రాయితో మడమలు రుద్దుకుంటున్నాడు. మొహంలో ఏళ్లనాటి ఫిర్యాదు తీరిన తృప్తి. పక్కన కొట్టులో చుక్కలు పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. దీనమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"కంపు ఏమాత్రం తగ్గలేదన్నయ్యా."

"ఉండనీలే" అన్నాడు అతను రెండో కాలు ముందుకు జరుపుకుని. "తోడుకుంటాంది గదా."